ఆదివారం గుడ్లు, గాదెలో గోధుమలు

ఆదివారం నాడు ఇంట్లో కోడి పెట్టిన గుడ్డు ఇంటిది కాదు, సంఘానిది. నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలోని యూటాలో ఎందరో మార్మన్ తల్లులు పెట్టుకున్న లెక్క ఇది. ఆ గుడ్లు అమ్మగా వచ్చిన డబ్బు రిలీఫ్ సొసైటీ అనే వాళ్ల ఆడవాళ్ల సంఘానికి చేరేది.

ఈ సంఘం 1842 మార్చి 17న ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ ఊళ్లో మొదలైంది. మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా దానికి మొదటి అధ్యక్షురాలు. తర్వాత మార్మన్లను అక్కడినుంచి తరిమేస్తే బళ్లు కట్టుకుని పడమరకు నడిచారు. 1847లో సాల్ట్‌లేక్ లోయకు చేరారు. తొలి ఏళ్లలో పురుగులు, మిడతలు పంటలు తినేశాయి. సీగో లిల్లీ అనే అడవి మొక్క దుంపలు తవ్వుకుని తిన్న రోజులూ ఉన్నాయి. ఆకలి వాళ్లకు విన్న కథ కాదు, పడ్డ బాధ.

అందుకే మత నాయకుడు బ్రిగమ్ యంగ్ ధాన్యం దాచమని మగవాళ్లకు ఏళ్ల తరబడి చెప్పాడు. వాళ్లు మిగులు అమ్ముకున్నారే తప్ప దాచలేదు. చివరికి 1876లో ఆ పని ఆడవాళ్లకు అప్పగించి, ఎమెలిన్ వెల్స్‌ను ముందుండి నడిపించమన్నాడు.

ఎమెలిన్‌కు లేమి కొత్త కాదు. పదహారేళ్లకే మొదటి బిడ్డను వారాల పసికందుగా పోగొట్టుకుంది. వెళ్లిన భర్త తిరిగి రాలేదు. బడిలో పాఠాలు చెప్పి బతికింది. ఆనాటి మార్మన్ ఆచారం ప్రకారం ఆ తర్వాత రెండుసార్లూ బహుభార్యల కుటుంబాల్లోకే వెళ్లింది. ఐదుగురు కూతుళ్లను పెంచింది. ఆడవాళ్ల పత్రిక ఒకటి దాదాపు నలభై ఏళ్లు నడిపింది.

సొంత పొలాలు లేని ఆడవాళ్లు గోధుమలు ఎక్కడినుంచి తెస్తారు? కోతలయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని పరిగె ఏరారు. బొంతలు కుట్టి అమ్మారు. గుడ్ల డబ్బుతో గింజలు కొన్నారు. దాచడమూ నేర్చుకోవాల్సి వచ్చింది. పురుగు, ఎలుకల బెడద చూశాక గట్టి గాదెలు కట్టించారు. కరువులో రైతులకు విత్తనాలు అప్పిచ్చారు, పేదలకు పంచారు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంప బాధితులకూ, మరుసటేడు చైనా కరువు బాధితులకూ పిండి వెళ్లింది.

పోపుల డబ్బాలో ఇల్లాలు దాచుకున్న డబ్బు సంగతి మనకు తెలుసు కదా. అది చిల్లరగా ఉన్నంతకాలం ఎవరికీ పట్టదు. పెద్ద మొత్తమయ్యాక అందరికీ అక్కర వస్తుంది. ఇక్కడా అదే జరిగింది. 1918లో, యుద్ధ సమయంలో, అమెరికా ప్రభుత్వం గోధుమలు అడిగింది. అప్పటికి గాదెల్లో రెండు లక్షల బుషెళ్లకు పైనే ఉన్నాయి. బుషెల్ అంటే సుమారు 27 కిలోలు, అంటే ఐదు వేల టన్నుల పైమాటే. చర్చి పెద్దలు అమ్మకానికి ఒప్పేసుకున్నారు. అప్పటికి సంఘం అధ్యక్షురాలు ఎమెలినే, వయసు తొంభై. ఆమెను అడగనే లేదు.

సైనికులకు, ఆకలితో ఉన్నవాళ్లకు తిండి పెట్టడం ఆ ఆడవాళ్లకు ఇష్టంలేని పనేం కాదు. బహుశా అడిగినా ఇచ్చేవాళ్లే. గింజ గింజా ఏరినవాళ్లను ఒక్క మాట అడగకపోవడమే నొప్పించింది. తర్వాత పెద్దలు క్షమాపణ చెప్పుకున్నారు. 1919లో అధ్యక్షుడు విల్సన్ సాల్ట్‌లేక్ వచ్చినప్పుడు భార్యతో కలిసి స్వయంగా ఎమెలిన్ దగ్గరకు వెళ్లి కృతజ్ఞత చెప్పాడు. 1921లో ఆమె కన్నుమూసింది.

అమ్మిన డబ్బును మాత్రం కరగనివ్వలేదు. అసలు అలాగే ఉంచి, 1920లలో దాని వడ్డీని బాలింతల, పసిపిల్లల ఆరోగ్యానికి ఖర్చుపెట్టారు. అప్పటికి యూటా పల్లెల్లో కాన్పంటే ఇంకా ప్రాణగండమే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందుండి మొదలుపెట్టిన గాదె చివరికి బిడ్డల్ని కాపాడడానికి అక్కరకొచ్చింది. కొంగులో పరిగె ఏరుకున్న ఏ అమ్మ మనవరాలి పురుడో ఆ గోధుమల వడ్డీతోనే సుఖంగా జరిగి ఉంటుంది.