ఒలింపిక్స్ ముఖం చూడని ఛాంపియన్

వెన్నం జ్యోతి సురేఖ ఇంతవరకు ఒలింపిక్స్‌లో ఒక్క బాణమూ వేయలేదు. లోపం ఆమెది కాదు, ఆమె పట్టిన విల్లుది. రికర్వ్ విల్లుకు 1972 నుంచీ ఆ పోటీల్లో పీట ఉంది. కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుకు ఇంతవరకు లేదు. ఆటగాళ్ళను నాలుగేళ్ళకోసారి తలుచుకునే జనం కదా మనం! బెజవాడ కన్న మేటి క్రీడాకారిణికి దక్కాల్సినంత పేరు దక్కలేదంటే కారణం అదే.

1996లో పుట్టిన ఈ అమ్మాయిని మొదట వార్తల్లోకి ఎక్కించింది కృష్ణానది. నాలుగేళ్ళ వయసులో నదిని మూడుసార్లు దాటి, 5 కిలోమీటర్లు 3 గంటల 20 నిమిషాల 6 సెకన్లలో ఈది లిమ్కా బుక్‌కెక్కింది. విల్లు ఆ తర్వాతి సంగతి. ఊరికి మాత్రం విల్లు కొత్త కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచిన కాంపౌండ్ జట్టులోని చిట్టిబొమ్మ జిజ్ఞాస్ బెజవాడ వాడే.

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో జట్టు కాంస్యం. 2017 ప్రపంచ పోటీల్లో జట్టు రజతం, అదే ఏడు అర్జున అవార్డు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ జట్టు రజతం, 2019 ప్రపంచ పోటీల్లో రెండు కాంస్యాలు, 2021 యాంక్టన్ ప్రపంచ పోటీల్లో ఏకంగా మూడు రజతాలు. పెద్ద వేదికల మీద పసిడి మాత్రం అందినట్టే అంది జారిపోయేది.

కాంపౌండ్‌లో ఆ జారడం ఎంత సన్నగా ఉంటుందో చూడాలి. తీగను పూర్తిగా లాగాక బరువులో ఎక్కువ భాగం కప్పీలే మోస్తాయి. గురికి లెన్స్, తీగ వదలడానికి చేతిలో చిన్న రిలీజ్ పరికరం. అందుకే 50 మీటర్ల దూరాన 8 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయంలో బాణం పడటం గొప్ప కాదు, పడకపోవడమే వార్త. మ్యాచ్‌కు 15 బాణాలు. రెండు మూడు తొమ్మిదులు పడితే ఇంటికే.

2022లో ఆసియా క్రీడల జట్టులో ఆమెకు చోటే దొరకలేదు. కరోనాతో ఆ క్రీడలు ఏడాది వాయిదా పడ్డాయి, సెలక్షన్లు మళ్ళీ జరిగాయి. అదృష్టమంటే అదృష్టమే, కానీ దాన్ని వాడుకున్న తీరు చూడండి. 2023 ఏప్రిల్‌లో అంతల్యా ప్రపంచకప్‌లో 720కి 713 సాధించి ప్రపంచ రికార్డును సమం చేసింది. ఆగస్టులో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి మెక్సికోను 235-229తో ఓడించింది. ప్రపంచ ఆర్చరీ పోటీల్లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. వ్యక్తిగత సెమీఫైనల్లో పదిహేడేళ్ళ అదితి చేతిలో ఓడి, కాంస్య పోరులో 15 బాణాలూ పదిలోనే దించింది. రెండు నెలలకు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సెమీస్‌లో అదే అదితిని ఓడించి, ఫైనల్లో కొరియా అమ్మాయి సో చేవన్‌ను 149-145తో గెలిచింది. జట్టు, మిక్స్‌డ్ కలిపి మూడు స్వర్ణాలు.

2024 షాంఘై ప్రపంచకప్‌లోనూ మూడు స్వర్ణాలే. 2025లో నాన్జింగ్‌లో జరిగిన సీజన్ ముగింపు పోటీ, ప్రపంచకప్ ఫైనల్లో కాంస్యం. ఆ పోటీలో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారత మహిళా కాంపౌండ్ ఆర్చర్ ఆమే.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌ను చేర్చారు. అప్పటికి ఆమెకు 32 నిండుతాయి. అందులో దేశం తరఫున ఓ అబ్బాయితో కలిసి ఆడేది ఒక్క అమ్మాయే. ఆ ఒక్క చోటు కోసం జ్యోతి పోటీ పడాల్సింది బెర్లిన్‌లో తన పక్కన నిలబడి గెలిచిన అదితి, పర్ణీత్‌ల వంటి తోటివారితోనే.