పరిగికి సముద్రం ఎంత దూరం?

పటం మీద దారం పెట్టి కొలిస్తే పరిగికి అరేబియా సముద్రం కన్నా బంగాళాఖాతమే దగ్గర. సరళరేఖలో మచిలీపట్నం ఇంచుమించు 360 కిలోమీటర్లు, ముంబయి 570. అయినా 1874లో ఈ ప్రాంతపు వర్తకం పడమటి ముఖం పట్టింది. దగ్గరి సముద్రాన్ని విడిచి దూరపు సముద్రానికి ఎందుకు పోవలసి వచ్చిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకొని ఉన్నది. విదేశీ వ్యాపారం అనగానే మనకు ఓడలూ రేవులూ స్ఫురిస్తాయి. పరిగి, తాండూరు, వికారాబాదు వంటి మెట్ట ఊళ్ళను ఆ చరిత్రలో ఎవరూ వెదకరు. వెదికితే దొరికేది తక్కువేమీ కాదు.

గోలకొండ సుల్తానుల కాలంలో ఈ రాజ్యపు ప్రధానమైన రేవు మచిలీపట్నం. అద్దకపు బట్టలు అక్కడ ఓడలెక్కి పర్షియాకూ తూర్పు దీవులకూ పోయేవి. తీరానికీ లోనాడుకూ నడుమ సరుకు మోసింది మాత్రం ఎద్దు. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ధాన్యమూ ఉప్పూ మోసుకొని పోయే పదేసి పన్నెండేసి వేల ఎద్దుల బిడారులను గురించి రాశాడు. మా ప్రాంతంలో ఇన్ని తండాలు ఉన్నాయి కదా, ఆ లంబాడీల పూర్వికుల వృత్తి అదే. పెరికెద్దు దారి పొడుగునా మేస్తూ నడిచేది కనుక మేతకు ఖర్చు లేదు. కాని రోజుకు కొద్ది క్రోసులకు మించి సాగదు, వానకాలంలో నల్లరేగడి నేలలో అదీ సాగదు. అటువంటి రవాణాలో బరువుకు తగిన విలువ ఉన్న సరుకే దూరం పోగలదు. ఉప్పు లేనిదే గడవదు కనుక ఉప్పు వచ్చేది. జొన్నలూ కందులూ పండిన చోటి చుట్టుపక్కలే చెల్లిపోవలసిందే.

1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు కుంఫిణీ పాలు కావడంతో నిజాం రాజ్యానికి సముద్రతీరమే లేకుండా పోయింది. 1802 నాటి వాణిజ్య సంధిలో మచిలీపట్నం రేవును వాడుకొనే హక్కు నిజాంకు రాసి ఇచ్చారు. సరుకు మీద నూటికి అయిదు సుంకమనీ నిర్ణయించారు. ఓడలు లేని రాజుకు రేవు హక్కు ఎంతవరకు పనికివస్తుంది? (అన్నట్టు, తీరం కోసం ఆరాటం ఆ వంశాన్ని చివరిదాకా విడువలేదు. 1947 ప్రాంతంలో పోర్చుగీసువారి మార్మగోవా రేవు కోసం బేరసారాలు నడిచాయి.)

అసలు మార్పు వెంటవెంటనే జరిగిన మూడు సంఘటనలతో వచ్చింది. 1869 నవంబరులో సూయెజ్ కాలువ తెరుచుకొని లండను–బొంబాయి సముద్రమార్గం సుమారు 40 శాతం తగ్గింది. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు రాయచూరు దగ్గర మద్రాసు లైనును కలిసింది. 1874లో ఆ లైను మీది వాడి నుంచి సికిందరాబాదుకు నిజాం సొమ్ముతో దారి పడింది. తాండూరు, వికారాబాదు ఆ దారి మీది స్టేషన్లు. సికిందరాబాదు దండును బొంబాయితో కలపాలన్న ఆంగ్లేయుల పట్టుదల దాని వెనుక ఉన్నది. మా కందులను గురించి ఎవరూ ఆలోచించలేదు. దండు కోసం పడిన పట్టాల మీద సరుకూ నడిచింది, అంతే.

తూర్పు దారి రావడానికి ఇంకొక పదిహేనేళ్ళు పట్టింది. బెజవాడకు రైలు చేరింది 1889లో. మచిలీపట్నానికి మరి పందొమ్మిదేళ్ళు, 1908లో. అప్పటికి ఆ రేవు కథ దాదాపు ముగిసింది. 1864 తుఫాను అక్కడ వేలాది ప్రాణాలు తీసింది. మేట వేసిన తీరానికి పెద్ద ఆవిరి ఓడలు రాలేవు. పెద్ద ఓడలు వచ్చే రేవుకే ఇంకా ఓడలు వస్తాయి, కిరాయి అక్కడే తగ్గుతుంది. బొంబాయి పెరిగిన కొద్దీ మచిలీపట్నం మాకు మరింత దూరమయింది.

ఈ రైళ్ళు ఎవరి మేలు కోసమన్న అనుమానం ఆనాడే పుట్టింది. 1883లో నిజాం రైల్వేను లండను కంపెనీకి అప్పగించి, పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున ఆదాయానికి రాజ్యం హామీ ఉండేటట్లు ఏర్పాటు చేశారు. చాందా రైలు పథకమని పేరుపడిన ఆ వ్యవహారంలో లెక్కలు బయటపెట్టి చర్చించాలని అడిగినవారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఒకరు. ఆయనను నగరం నుంచి వెళ్ళగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రిగా మాత్రమే ఆయనను తలచుకోవడం నాకు వెలితిగా తోస్తుంది.

పరిగికి రైలు రాలేదు. వికారాబాదుకు ఉన్న ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరమే పరిగికి అసలైన సముద్రం అయింది. పట్టాలున్న తాండూరు, వికారాబాదు బజారు ఊళ్ళయ్యాయి. పరిగి సరుకు బండి కట్టుకొని వాటి దగ్గరికి పోయేది. ఇప్పుడు ట్రాక్టరు కట్టుకొని పోతుంది. 2001లో లిమావొ, వెనబుల్స్ అనే ఆర్థికవేత్తలు ప్రకటించిన పరిశోధనలో ఒక లెక్క ఉన్నది. అమెరికాలోని బాల్టిమోరు నుంచి పంపే ఒక పెద్ద కంటెయినరుకు సముద్రం మీద అదనంగా 1,000 కిలోమీటర్లు పెరిగితే ఖర్చు 190 డాలర్లు పెరుగుతుంది. నేల మీద అదే దూరం పెరిగితే 1,380 డాలర్లు. ఏడు రెట్లకు పైమాటే. తీరంలేని దేశాల వ్యాపారం తీరమున్న దేశాల దానికన్నా ఎంతో తక్కువగా ఉంటుందని కూడా వారు తేల్చారు.

ఈ లెక్కను కంది చేలోకి తెచ్చి చూడండి. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా, మలావి రైతులు కంది పండించేది చాలావరకు మన పప్పు కోసమే. మలావికి తీరం లేదు, మొజాంబిక్ రేవుల మీద ఆధారపడాలి. ఒకనాటి హైదరాబాదు రాజ్యం వంటిదే. నకాలా రేవులో ఓడ ఎక్కాక మాత్రం ఆ బస్తాకు హిందూమహాసముద్రం పెద్ద అడ్డు కాదు. 2006 నుంచి 2017 దాకా, స్వల్ప మినహాయింపులు తప్ప, మన కంది ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది. దిగుమతికి సుంకం లేదు. పదకొండేళ్ళు మా రైతుకు సముద్రం లోపలికి మాత్రమే తెరుచుకొని ఉన్నదన్నమాట. 2016–17లో దేశంలో కంది పంట 48 లక్షల టన్నులు దాటింది. ముందటేడు అది 26 లక్షలకు లోపే. అదే ఏడు సుమారు 7 లక్షల టన్నులు దిగుమతి కూడా అయింది. మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు ఉండగా బజారు ధర అంతకన్నా కిందికి జారింది.

2017 ఆగస్టులో దిగుమతికి ఏటా 2 లక్షల టన్నుల పరిమితి పెట్టారు. ఆ దెబ్బకు మొజాంబిక్‌లో, మలావిలో కంది ధర కుప్పకూలింది. ఎక్కడో కూర్చొని గీసిన గీత ఒకటి పరిగి రైతునూ మలావి రైతునూ వంతులవారీగా ముంచింది. 2021 మేలో ఆ పరిమితి ఎత్తివేశారు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కాని ఆ పేరు చూసి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టే కొనుగోలుదారు దాకా బస్తాను చేర్చే ఖర్చు ఆ పత్రంతో తగ్గదు.

తాండూరు నాపరాయి సంగతి ఇంకా కష్టం. బరువెక్కువ, విలువ తక్కువ. కంటెయినరు సగం కూడా నిండకముందే మోయగల బరువు నిండిపోతుంది. 2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఐరోపాకు పోయే ఓడలు అనేకం ఆఫ్రికా కొసను చుట్టి పోయాయి. ఆ చుట్టు రెండు వారాల దాకా అదనం. సూయెజ్ ఇచ్చిన దగ్గరితనం నూటయాభై ఏళ్ళ తరువాత అట్లా చేజారింది. మొజాంబిక్ కందులకు ఆ చిక్కు లేదు. వాటి దారి సూయెజ్ మీదుగా రాదు.