పరాయివాళ్ల కన్నీరు: పోపుల మరణాలపై సింహావలోకనం

మతగురువు కన్నుమూస్తే సొంత మతంవాళ్లు ఏడుస్తారు. అందులో వింతేమీ లేదు. ఆ రోజు పక్క మతంవాళ్లు ఏం చేశారో చూస్తే మాత్రం ఆ గురువు ఎలా బతికాడో బయటపడుతుంది. ఈ సంగతి గమనించడానికి రోమ్ కన్నా మంచి చోటు లేదు. ఒకే పీఠం, ఒకే ఊరు, ఒకే నది. పోపు పోయినప్పుడు యూదులు, ముస్లింలు, ప్రొటెస్టెంట్లు, మతమంటే గిట్టనివాళ్లు ఏం చేశారన్నది అక్కడ శతాబ్దాలుగా నమోదవుతూ వచ్చింది. 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ మరణించినప్పుడు ఇరాక్‌లోని నజఫ్ నుంచి మన ధర్మశాల దాకా సంతాపం వెల్లువెత్తింది. ఆ సంతాపం వెనక నాలుగున్నర శతాబ్దాల కథ ఉంది. అందులో సగానికి పైగా చేదే.

1555 జూలై 14న పోప్ నాలుగో పాల్ ఒక శాసనం జారీ చేశాడు. దాంతో రోమ్ యూదులంతా టైబర్ నది పక్కన, వరదొస్తే మునిగే పల్లపు వీధుల్లోకి చేరాల్సి వచ్చింది. చుట్టూ గోడ, పొద్దుగూకితే తలుపులకు తాళం. మగవాళ్లు పసుపు టోపీ పెట్టుకు తిరగాలి. ఇళ్లూ పొలాలూ సొంతానికి ఉండకూడదు. పాతబట్టల బేరం చేసుకు బతకాలి. నాలుగేళ్ల తర్వాత, 1559 ఆగస్టులో ఆ పోపు చనిపోగానే ఊరు ఊరంతా వీధుల్లోకొచ్చింది. ఇంక్విజిషన్ అనే మతన్యాయస్థానాన్ని తగలబెట్టి ఖైదీలను విడిపించారు. కాపిటోలిన్ కొండ మీది ఆయన విగ్రహాన్ని పగలగొట్టారు. ఒక యూదుడు తన పసుపు టోపీ తీసి ఆ విగ్రహం తలకు పెట్టాడని చెబుతారు. ఆ తలను వీధుల వెంట దొర్లించి, చివరికి టైబర్‌లో పడేశారు. ఆ గుంపులో ఎక్కువమంది కాథలిక్కులే. బయటివాళ్లను గోడ కట్టి వేరుచేసిన చేయి లోపలివాళ్లనూ వదల్లేదు మరి.

ఘెట్టో అనే ఆ యూదువాడ మూడు శతాబ్దాలు నిలిచింది. 1846లో పీఠమెక్కిన తొమ్మిదో పయస్ మీద యూదులు ఆశ పెట్టుకున్నారు. 1848లో ఆ గోడలు కూల్పించింది ఆయనే. అదే ఏడు తిరుగుబాటు రేగి రోమ్ వదిలి పారిపోయిన పోపు, 1850లో తిరిగొచ్చాక పాత ఆంక్షలను మళ్లీ తెచ్చాడు. 1858 జూన్‌లో బొలోన్యాలో ఎద్గార్దో మొర్తారా అనే ఆరేళ్ల యూదు పిల్లవాణ్ని పోపు పోలీసులు ఇంట్లోంచి తీసుకుపోయారు. పసితనంలో జబ్బు చేసినప్పుడు పనిపిల్ల వాడికి రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చిందన్నది కారణం. జ్ఞానస్నానం పొందిన బిడ్డ యూదుల ఇంట పెరగకూడదన్నది అప్పటి చట్టం. యూరప్, అమెరికాల నుంచి ఎన్ని విన్నపాలు వచ్చినా పోపు కరగలేదు.

1870లో ఇటలీ సైన్యం రోమ్‌ను పట్టుకున్నాకే యూదులకు పూర్తి పౌరహక్కులు దక్కాయి. 1878లో పయస్ మరణించాడు. 1881 జూలై 13 రాత్రి, ఆయన భౌతికకాయాన్ని శాన్ లొరెంజో గుడికి తరలిస్తుంటే మతపెత్తనాన్ని ద్వేషించే గుంపు ఒకటి ఊరేగింపు మీద పడింది. శవపేటికను టైబర్‌లో విసిరేయాలని చూసింది. వాళ్లూ పుట్టుకతో కాథలిక్కులే. మతం అధికారంగా మారి నెత్తిన కూర్చున్నప్పుడు, చావు కూడా జనం కోపాన్ని చల్లార్చదు.

ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి గాలి మారింది. 1958 అక్టోబర్‌లో పన్నెండో పయస్ మరణిస్తే ఇజ్రాయెల్ విదేశాంగమంత్రి గోల్డా మేయర్ ఘనంగా నివాళి అర్పించారు. అయిదేళ్లు తిరక్కముందే, నాజీల మారణకాండ వేళ ఆ పోపు గొంతెత్తలేదన్న విమర్శ యూరప్ రంగస్థలం మీదికి నాటకమై వచ్చింది. వాటికన్ 2020లో ఆయన కాలపు పత్రాలను పరిశోధకులకు తెరిచినా ఆ వాదం ముగియలేదు. చనిపోయిన రోజు సంతాపమే ఆఖరి తీర్పు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు మలుపు ఇరవై మూడో జాన్‌ది. పోపు కాకముందు ఆయన ఇస్తాంబుల్‌లో వాటికన్ ప్రతినిధిగా ఉండి, నాజీల బారి నుంచి తప్పించుకొస్తున్న యూదులకు దారి చూపారు. 1959లో గుడ్ ఫ్రైడే ప్రార్థనలోంచి యూదులను కించపరిచే ఒక విశేషణాన్ని తీయించారు. శతాబ్దాలుగా కోట్లమంది ఏటా పలికిన మాట అది. ఒక్క మాట కొట్టేస్తే ఏమవుతుందో 1963 జూన్‌లో తేలింది. ఆయన మరణశయ్య మీద ఉండగా రోమ్ ప్రధాన రబ్బీ ఎలియో తోఆఫ్ తనవాళ్లను వెంటబెట్టుకుని సెయింట్ పీటర్స్ చౌకుకు వచ్చి, కాథలిక్కుల పక్కన నిలబడి ప్రార్థించారు. పసుపు టోపీలు పెట్టించిన పీఠం కోసం ఆ టోపీలు పెట్టుకున్నవాళ్ల వారసులు దేవుణ్ని వేడుకున్నారు.

అందరూ కరిగారనుకుంటే పొరపాటు. బెల్‌ఫాస్ట్‌లో, మరణించిన ఆ పోపు గౌరవార్థం నగర మందిరం మీది బ్రిటిష్ జెండాను అవనతం చేస్తే, ప్రొటెస్టెంట్ పాస్టర్ ఇయన్ పెయిస్లీ దానికి నిరసనగా ఊరేగింపు తీశారు. సాటి క్రైస్తవుల మధ్యే నాలుగు శతాబ్దాల పగ ఒక జెండా కిందికి దిగితే ఓర్చలేకపోయింది.

జాన్ ప్రారంభించిన రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న ‘నోస్త్రా ఎతాతే’ ప్రకటనను వెలువరించింది. ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ సంఘం తోసిపుచ్చదని, క్రీస్తు మరణానికి యూదు జాతినంతటినీ దోషిగా నిలబెట్టకూడదని అది తేల్చి చెప్పింది. అంతకు ముందు ఏడాదే, 1964 డిసెంబర్‌లో, జాన్ తర్వాత పోపు అయిన ఆరో పాల్ బొంబాయి వచ్చి ఉపనిషత్తు ప్రార్థనను తన నోట పలికారు.

తర్వాత పోపు అయిన రెండో జాన్ పాల్, ‘నోస్త్రా ఎతాతే’ కాగితం మీద చెప్పినదాన్ని కాళ్లతో నడిచి చూపించారు. 1986 ఏప్రిల్ 13న రోమ్ సినగాగ్‌లో అడుగుపెట్టి యూదులను అన్నలుగా సంబోధించారు. టైబర్‌కు అటూ ఇటూ ఉన్న వాటికన్‌కూ ఆ సినగాగ్‌కూ మధ్య దూరం గంట నడక కూడా లేదు. అయినా ఒక పోపు అక్కడికి ప్రార్థనకు వెళ్లడానికి అన్ని శతాబ్దాలు పట్టింది. అదే ఏడు అక్టోబర్‌లో అస్సీసీకి అన్ని మతాల పెద్దలనూ పిలిచారు. 2000 మార్చిలో జెరూసలెంలోని పశ్చిమ గోడ రాళ్ల సందులో క్షమాపణ ప్రార్థన రాసిన చీటీ ఉంచారు. 2001లో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులోకి వెళ్లారు. మసీదులో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే. ఆయన వీలునామాలో పేరెత్తి తలచుకున్నవాళ్లు బహు కొద్దిమంది. వాళ్లలో రోమ్ రబ్బీ ఒకరు.

2005 ఏప్రిల్ 8న జరిగిన ఆయన అంత్యక్రియలకు పదహారో శతాబ్దపు చీలిక తర్వాత మొదటిసారిగా కాంటర్‌బరీ ఆర్చిబిషప్ వచ్చారు. భారతదేశం సంతాప దినాలు ప్రకటించి ఉపరాష్ట్రపతి భైరాన్ సింగ్ షెఖావత్‌ను పంపింది. దగ్గర దగ్గరగా కూర్చున్న అతిథుల్లో ఇజ్రాయెల్ అధ్యక్షుడు కత్సావ్, ఇరాన్ అధ్యక్షుడు ఖాతమీ ఉన్నారు. ఇద్దరిదీ యజ్ద్ ప్రాంతమే. ఖాతమీతో చేయి కలిపి ఫార్సీలో మాట్లాడానని కత్సావ్ చెప్పారు. ఇంటికెళ్లిన ఖాతమీ అలాంటిదేమీ జరగలేదన్నారు. పక్కపక్కన కూర్చోబెట్టడం వరకే ఒక మరణం చేయగలిగింది. పగ తీరాలంటే బతికున్నవాళ్లే పూనుకోవాలి.

ఇక ఫ్రాన్సిస్. 2013 పవిత్ర గురువారం నాడు ఆయన రోమ్‌లోని బాలనేరస్థుల జైలుకు వెళ్లారు. క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టాన్ని ఏటా ఆ రోజున గురువులు గుళ్లో చేసి చూపుతారు. అంతవరకు పోపులు మగవాళ్ల పాదాలే కడిగేవారు, అదీ ఎక్కువగా గురువులవి. ఫ్రాన్సిస్ నేల మీద మోకరిల్లి, నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచి ముద్దుపెట్టుకున్న ఆ పన్నెండుమంది పాదాల్లో ఒక ముస్లిం అమ్మాయివీ ఉన్నాయి. 2016లో శరణార్థి శిబిరంలో అలాగే కడిగిన పాదాల్లో ముస్లింలవి ఉన్నాయి, భారతదేశం నుంచి వెళ్లిన ఒక హిందువువీ ఉన్నాయి. 2019లో అబూధాబిలో అల్ అజ్‌హర్ ఇమాం అహ్మద్ అల్ తయ్యబ్‌తో కలిసి మానవ సోదరత్వ పత్రం మీద సంతకం చేశారు. 2021లో నజఫ్‌లోని ఇరుకు సందులో నడిచి షియా మతపెద్ద ఆయతుల్లా సీస్తానీ ఇంటికి వెళ్లారు. 2023 అక్టోబర్ నుంచి గాజాలోని ఒక్కగానొక్క కాథలిక్కు గుడికి దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తిన్నారా, క్షేమమేనా అని అడిగేవారు.

అందుకే 2025లో సంతాపం మొక్కుబడిగా రాలేదు. అల్ తయ్యబ్ ఆయనను సోదరుడని తలచుకున్నారు. సీస్తానీ కార్యాలయం, దలైలామా సానుభూతి పంపారు. భారతదేశం మూడు రోజుల సంతాపం పాటించింది, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము స్వయంగా అంత్యక్రియలకు వెళ్లారు. ఇజ్రాయెల్ విదేశాంగశాఖ మాత్రం తన సంతాప సందేశాన్ని పెట్టిన కొద్ది గంటలకే తీసేసింది. గాజా మీద ఆయన అన్న మాటలు అక్కడ చాలామందిని నొప్పించాయి. ఆ నొప్పినీ దాచకుండా నమోదు చేయాలి. ఏప్రిల్ 26న శవపేటిక తెరచిన వాహనంలో టైబర్ దాటి మేరీ మేజర్ గుడికి సాగింది. దారికి రెండు వైపులా లక్షకు పైగా జనం నిలబడ్డారు. గుడి మెట్ల దగ్గర పేదలు, ఖైదీలు, వలసవచ్చినవాళ్లు తెల్లగులాబీలతో ఎదురుచూశారు.

ఈ కథలో తెలుగువాళ్లకూ చోటుంది. కర్నూలు మేత్రాసనానికి బిషప్‌గా పనిచేసి హైదరాబాద్ ఆర్చిబిషప్ అయిన పూల ఆంథోనీని 2022లో ఫ్రాన్సిస్ కార్డినల్ చేశారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకున్నవారిలో ఆయన ఓటూ ఉంది. మతం బయట కట్టిన గోడలనే కాదు, కులం లోపల కట్టిన గోడలనూ ఆ పీఠం చూడక తప్పలేదు. విజయవాడ గుణదల మేరీమాత కొండకు ఫిబ్రవరి తిరునాళ్లలో తలనీలాలు ఇచ్చే హిందువులు, దర్గాల్లో చాదర్ కప్పే అన్ని మతాలవాళ్లు మనకు కొత్త కాదు. మామూలు జనం ఎప్పుడో దాటిన గీతను పీఠాలు చాలా ఆలస్యంగా దాటాయి.

1559కీ 2025కీ మధ్య కాథలిక్కుల మూలవిశ్వాసం మారలేదు. ఫ్రాన్సిస్ కోసం ఏడ్చిన ముస్లిం క్రైస్తవుడు కాలేదు, తోఆఫ్ రబ్బీగానే ప్రార్థించారు. ఎవరి నమ్మకం వాళ్లకు ఉండగానే మారింది ప్రవర్తన: కొట్టేసిన ఒక మాట, దాటిన ఒక గడప, కడిగిన ఒక పాదం. మన మఠాలకు, మసీదులకు, చర్చీలకు ఈ చరిత్ర చెప్పే పాఠం సూటిగా ఉంది. సొంతవాళ్ల జేజేలు ఎలాగూ దక్కుతాయి. మన ప్రార్థనల్లో, ప్రసంగాల్లో పక్కవాణ్ని గాయపరిచే మాట ఏముందో వెతికి తీసేయడం గురువు బతికుండగానే చేయాల్సిన పని.