అద్దరి, ఇద్దరి: దాటుటకు గల మాటలు

నదులున్న దేశమున దాటుటకు మాటలు హెచ్చు. గోదావరి ధవళేశ్వరమువద్ద గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండుగా చీలి, ఆపై పాయలు పాయలై సముద్రమును జేరుచున్నది. ఈ పాయల నడుమ పుట్టినవాడు చుట్టపుచూపునకు బోవలెనన్నను, సంతకు బోవలెనన్నను, పరీక్షకు బోవలెనన్నను ముందుగా ఏటిని దాటవలసినదే. అందుచేత దాటుట యను పని ప్రయాణముతో నిలువక, బ్రతుకులోని ప్రతి కష్టమునకును ప్రతి గెలుపునకును ఉపమానమయ్యెను. తుదకు ఉపమానమని తోపనంతగా భాషలో నింకిపోయెను. నేటి ప్రసంగమున గౌతమియొడ్డున నున్న యానామును నిదర్శనముగ గైకొని, ఈ మాటల చరిత్రను గొంత విన్నవింతును.

గౌతమినుండి కోరంగిపాయ చీలుచోట యానాం ఉన్నది. దానికి ఎదురుగ, కోనసీమ వైపున, ఎదురులంక. ఆ పేరులోనే ఆవలియొడ్డు వినబడుచున్నది. యానామునుండి కాకినాడకు బోవు దారిలోని ఊరిపేరు తాళ్ళరేవు. ఎగువను కోటిపల్లిరేవు సుప్రసిద్ధము. అచట ఏరు దాటినవాడు ముక్తేశ్వరమున దిగును. రేవునకు రెండు దరులు: ఇవతలిది ఇద్దరి, అవతలిది అద్దరి. పడవవానికిచ్చు కూలి కేవు. సంస్కృతమున దీనినే ఆతరమనియు తరపణ్యమనియు అందురు. కూలికి కూడ ప్రత్యేకముగ పేరున్నదనగా ఆ పని ఎంత నిత్యమైనదో ఊహింపవచ్చును.

మొదట అచ్చతెలుగు మాటలను జూతము. దాటుట కాలితో జేయు పని. అయినను గడప దాటుట, పొలిమేర దాటుట, పెద్దల మాట దాటుట, పని చేయి దాటుట అని ఆ కాలు ఎచ్చటెచ్చటికో పోయినది. అడిగినదానికి సమాధానము చెప్పక తప్పించుకొనుటను దాటవేయుట యందుము. కడ యనగా చివర. కడచుట యనగా చివరవరకు పోయి దాటుట. ఈ కడచుటయే గడచుట యైనది. కాలము గడచును, దినము గడచును, పేదవాని యిల్లు గడచుట కష్టమగును. అప్పు తీర్చుటకిచ్చిన గడువును, ఇంటిముందరి గడపయు ఈ కుటుంబములోనివే. కాలమును ఏటివలె, దారిద్ర్యమును ఏటివలె, ఋణమును ఏటివలె చూచినవారు ఈ మాటలను కల్పించిరి. ఆపద తీరినవాడు గట్టెక్కును, ఒడ్డున బడును, దరి జేరును. సాయము చేసినవానిని మరచువానినిగూర్చి చెప్పు సామెతయు రేవులోనే పుట్టినది: ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన వెనుక బోడిమల్లయ్య.

సంస్కృతమున దాటుటకు తౄ అను ధాతువు కలదు. దీని సంతానము విస్తారము. తరి, తరణి యనగా పడవ. తీరము, తరంగము, తరణము, దుస్తరము అనునవి స్పష్టములే. కాని కొన్ని మాటలు తమ పుట్టినింటిని మరచి మనమధ్య దిరుగుచున్నవి. పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడనగా నీటినుండి పైకివచ్చి ఒడ్డెక్కినవాడని యర్థము. మన పల్లెలలో కుర్రవాడు గట్టెక్కినాడందురు. పండితుడు సంస్కృతమున జెప్పినదియు, పల్లెటూరివాడు తెలుగున జెప్పినదియు ఒకే చిత్రము. అవతారమనగా క్రిందికి దిగుట. మెట్లమీదుగ ఏటిలోనికి దిగునట్లు దేవుడు లోకములోనికి దిగునని భావము. కావ్యములోనికి దిగుటకు కట్టిన మెట్లు అవతారిక. వితరణమనగా దానము, వైతరణి వితరణముచేత దాటదగినదని నిర్వచింతురు. మరణించువారి పేర గోదానము చేయుట ఆ రేవునకు కట్టు కేవు వంటిది.

ఈ కుటుంబమున పెద్దమాట తీర్థము. మొదట దాని యర్థము ఏటిలోనికి దిగుటకు వీలైన చోటు, అనగా రేవు. రేవుకడ స్నానము చేయుదురు గనుక పుణ్యక్షేత్రము తీర్థమయ్యెను. అచటి నీరు తీర్థమయ్యెను. గుడిలో పూజారి ఉద్ధరిణెతో మన చేతిలో పోయునది అదియే. సంసారమను ఏటిని దాటించువాడు గనుక గురువు తీర్థుడయ్యెను. ఒకే గురువునొద్ద చదివినవారు సతీర్థ్యులైరి. జైనులు తమ మహాపురుషులను రేవు కట్టినవారను నర్థమున తీర్థంకరులనిరి. రాజనీతిశాస్త్రమున మంత్రి, పురోహితుడు, సేనాపతి మున్నగు పదునెనిమిదిమంది అష్టాదశ తీర్థములు. వారిద్వారమున గాని రాజునొద్దకు దిగుట కుదరదు. ఇక మన గోదావరి మండలములందు తీర్థమనగా జాతర. అంతర్వేది తీర్థము, కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థము లోకవిదితములు. అక్కడ పిల్లవానికి తీర్థమనగా జీళ్ళును, బూరలును, ఇసుకవేస్తే రాలని జనమును. నీటి మెట్లనుండి బయలుదేరిన మాట మిఠాయి దుకాణమువరకు నడచి వచ్చినది.

ఆవలిదరికి సంస్కృతమున పారమని పేరు. ఆవలిదరి కానరానిది అపారము. శాస్త్రమునందు ఆవలిదరి ముట్టినవాడు పారంగతుడు. గ్రంథమును మొదటినుండి తుదివరకు చదువుట పారాయణము, అనగా ఆవలిదరికి పోవుట. యానాం అను పేరు వినినప్పుడు ప్రయాణమునకు పేరైన యానము స్ఫురింపక మానదు. ధ్వనిసామ్యముచేతనే వ్యుత్పత్తి చెప్పుట శాస్త్రసమ్మతము గాదు గనుక, ఆ స్ఫురణను స్ఫురణగానే విడుతును.

1723లో ఫ్రెంచివారు యానామున దిగిరి. ఇంగ్లీషువారు పలుమారు దానిని పట్టుకొని, 1814 నాటి పారిస్ సంధి ననుసరించి మరల నిచ్చివేసిరి. ఆవిధముగ మన గౌతమియొడ్డున నింకొక భాష నిలిచెను. ఆ భాషలో దాటుటకు పస్సే అందురు. అదియే ఇంగ్లీషునకు బోయి, అచటినుండి మనకు వచ్చి, పరీక్ష పాసగుట యైనది. పాసుపోర్టు అను మాటయు ఫ్రెంచివారి సొత్తే. అందు మొదటిసగము దాటుట, రెండవసగము రేవు.

ఇంతవరకు జెప్పినవి తనంతట తాను దాటువాని మాటలు. చరిత్రలో దాటింపబడినవారును గలరు. తౄ ధాతువునకే ప్రేరణార్థమును జేర్చి ప్ర అను ఉపసర్గ తగిలించినచో ప్రతారణ మగును. దానికి మోసమని యర్థము. దాటింతునని చేయిపట్టుకొని నడియేట విడుచుటకంటె మోసమేమున్నది? 1828లో యానామునుండి తెలుగు కూలీలను ఓడ నెక్కించి, అప్పుడు బూర్బోను అని పిలువబడు నేటి రియూనియను ద్వీపమునకు గొనిపోయిరి. తరువాత కోరంగి రేవునుండి మారిషసునకును, బర్మాకును వేలకొలది జనము వెడలెను. మారిషసులో తెలుగువానికి కోరంగి యని పేరు పడెను. బర్మాలోను తెలుగు కూలిని కోరంగి యనియే పిలిచిరి. వాని స్వగ్రామమేదో, ఇంటిపేరేదో అడిగినవారు లేరు. ఏ రేవున ఓడ నెక్కెనో ఆ రేవే వాని పేరయ్యెను. 1839 నాటి తుపానువలనను, ఒండ్రు పూడుటవలనను ఆ రేవు క్షీణించినను, సముద్రముల కావల దాని పేరు మనుష్యులయందు బ్రతికెను. మనవారు రంగూనును రంగమనిరి. రంగమునకు ఓడమీద బోయినవారిలో అనేకులు 1942లో యుద్ధభయముచే కొండలు, అడవులు కాలినడకను దాటి తిరిగివచ్చిరి. దారిలో రాలిపోయినవారు ఏ దరికిని జేరలేదు.

దాటింపబడినవారిలో మరియొక తెగవారు గలరు. 1929లో చేసిన శారదా చట్టము 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలు జరిగెను. 14 ఏండ్లు నిండని బాలికకును, 18 ఏండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట బ్రిటిషు ఇండియాలో నేరమయ్యెను. ఆ చట్టము ఫ్రెంచివారి యానామున జెల్లదు. వెంటనే చుట్టుపట్ల జిల్లాలనుండి పెండ్లివారు మేళతాళములతో తరలివచ్చి, యానామున పసిపిల్లల మెడలో పుస్తెలు కట్టించి మరలిపోవుచుండిరి. యానామునకు కల్యాణపురమను పేరు అట్లు వచ్చినది. పేరు ముచ్చటగానే యున్నది. కాని దాని వెనుక నున్నది చట్టమును దాటిన పెద్దలును, వారి యొడిలో కూర్చుండి సరిహద్దు దాటిన పిల్లలును. ఇదే గోదావరియొడ్డున, ఎగువను రాజమహేంద్రవరమున, 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. బాల్యవివాహము సృష్టించిన దుఃఖమును దాటించుటకు ఆయన పాటుపడెను. అర్ధశతాబ్ది గడచిన పిదప ఆ నదియొడ్డుననే ఆ దుఃఖమునకు మరల రేవు తెరచిరి. దాటుట యెల్ల తరించుట గాదని ఈ రెండు పెండ్లిండ్లును బోధించుచున్నవి.

1954 నవంబరు 1వ తేదీన యానాం పాలన ఫ్రెంచివారినుండి భారతదేశమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16వ తేదీన ఆ మార్పు చట్టరీత్య స్థిరపడెను. అప్పుడు కావలసినవారు ఆరు మాసములలో ఫ్రెంచి జాతీయతను కోరుకొనవచ్చునని గడువు పెట్టిరి. ఈమారు మనుష్యులు కదలలేదు. వారి ముంగిటనుండి సరిహద్దే దాటిపోయెను. ఒక యింటివారిలో నొకడు ఇద్దరి, ఒకడు అద్దరి కాగలిగిన కాలమది. నేడు యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో నొక భాగము.

2002లో యానాం, ఎదురులంకల నడుమ గౌతమిపై బాలయోగి వారధి యేర్పడెను. అంతవరకు పంటుపై బండ్లు నెక్కించి ఏరు దాటించుచుండిరి. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత అచట కంటికి గనబడుచుండెడిది. వంతెన యను సామాన్యమైన మాట యుండగా పెద్ద వంతెనను మనవారు వారధి యనుట గమనింపదగినది. సముద్రమునకు సంస్కృతమున వారిధి యని పేరు. రాముడు వారిధిని గట్టెనను కథ చెప్పుకొని చెప్పుకొని, కట్టబడిన సముద్రము పేరే కట్టిన దానికి సంక్రమించినట్లున్నది. అడ్డమైనదియే దారి యైనది.

వారధివలన రోగి సకాలమున ఆస్పత్రికి జేరుచున్నాడు, పిల్లలు బడికి జేరుచున్నారు. ఇది గొప్ప మేలు. కాని కేవు అను మాట ఇప్పటి పిల్లలకు దెలియదు. అద్దరి యనిన పుస్తకపు మాట యని తలంచుచున్నారు. రేవు మానినచోట రేవుమాటలు మాయుట సహజమే. అయినను గట్టెక్కుట, గడువు, తీర్థము, ఉత్తీర్ణుడు అను మాటలు నోట నున్నంతకాలము ఆ పడవవాని శ్రమ మనలో కొంత నిలిచియుండును. వానితోపాటు, తమకు తాముగా దాటక ఇతరులచే దాటింపబడిన కూలీలను, పసిపిల్లలను కూడ ఆ మాటలు జ్ఞప్తికి దెచ్చుచుండవలెను. దాటుట గొప్ప గాదు. ఎవరు దాటించిరి, ఏ దరికి జేర్చిరి యనునదే చరిత్ర అడుగవలసిన ప్రశ్న.