ఒక్క రైఫిల్ కోసం

మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి రాగానే ఇత్తడి వాసన, దానితో కలిసి తుపాకి నూనె వాసన. బయట పెన్సిల్వేనియా జనవరి. ఇక్కడ ట్యూబ్‌లైటు కింద మందపాటి చెక్క బల్ల, దానికి బోల్టులతో బిగించిన ఆకుపచ్చ ప్రెస్, గోడకు ఆనించిన పాత రైఫిల్. పెద్దాయన మీకు స్టూలు జరిపి, ఫోను పైనే పెట్టి రమ్మంటాడు. మందు తూచే బల్ల దగ్గర ధ్యాస మళ్లించేది ఏదీ ఉండకూడదన్నది ఆయన నియమం. ఆ నియమమే ఆయన వేళ్లన్నీ ఇప్పటికీ చేతికి ఉండటానికి కారణమని నేను నమ్ముతాను.

ముందు రైఫిల్ మీ చేతికిస్తాడు. నాలుగు కిలోల పైచిలుకు. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. దీని మీద 'యూఎస్ ప్రాపర్టీ' అన్న ముద్ర ఉంటుంది గానీ ఇది అమెరికా సైన్యం కోసం చేసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లెండ్-లీజ్ ఒప్పందం కింద బ్రిటన్ కోసం మసాచుసెట్స్‌లోని చికొపీ ఫాల్స్‌లో సావేజ్ కంపెనీ పది లక్షలకు పైగా తయారుచేసిన వాటిలో ఇదొకటి. మన పోలీసుల భుజాన దశాబ్దాలు వేలాడిన 'త్రీ నాట్ త్రీ' దీనికి అన్న వరస. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన పాత మోడల్. ఎన్‌సీసీలో దాన్ని మోసి డ్రిల్లు చేసినవాళ్లకు ఈ బరువు ఇట్టే గుర్తొస్తుంది. రెండింటికీ తూటా ఒక్కటే.

"చాంబర్‌లోకి చూడు" అంటాడు పెద్దాయన. బోల్టు తీసేసి, టార్చి వేసి చూపిస్తాడు. తూటా కూర్చునే ఆ గది, తూటాకు కావలసిన దానికన్నా వదులుగా ఉంటుంది. పొరపాటున కాదు, కావాలనే. కందకాల బురద అంటిన తూటా కూడా ఇరుక్కోకుండా లోపలికి పోవాలి. సైనికుడి ప్రాణం దాని మీద ఉంది. తూటా అడుగున ఉన్న అంచును పట్టుకుని రైఫిల్ దాన్ని నిలబెడుతుంది, డొల్ల మెడ కింద సన్నబడే భుజం దగ్గర ఎంత ఖాళీ ఉన్నా పట్టించుకోదు. పేలినప్పుడు ఇత్తడి డొల్ల ముందు భాగం ఉబ్బి గోడలకు అతుక్కుంటుంది, వెనక భాగం బోల్టు దాకా జరుగుతుంది. ఈ రెండింటి మధ్య, అడుగుకు కాస్త పైన, లోహం సాగి పలచబడుతుంది. బోల్టును పట్టే కొక్కేలు వెనకవైపు ఉండటంతో అది కూడా కొంచెం వంగుతుంది, సాగుడు ఇంకాస్త పెరుగుతుంది.

సైన్యానికి ఇదేమీ నష్టం కాదు. కాల్చిన డొల్ల బురదలో పడిపోతుంది, దాని సంగతి ఎవరికీ అక్కర్లేదు. కాల్చిన డొల్లలనే మళ్లీ నింపే ఈ బల్ల దగ్గర మాత్రం కథ అక్కడే మొదలవుతుంది.

కిందటిసారి ఇదే రైఫిల్‌లో కాల్చిన డొల్లల ట్రే మీ ముందుకు జరుపుతాడు. ఒక పేపర్ క్లిప్పును సాగదీసి, కొన చిన్న కొక్కెంలా వంచి ఇస్తాడు. డొల్ల లోపలికి దించి, కొనను గోడకు ఆనించి అడుగు నుంచి పైకి లాగాలి. మొదటిది నున్నగా వస్తుంది. రెండోదీ అంతే. కొన్నింటి తర్వాత ఒకచోట కొన చిన్న గాడిలో తట్టుకుని ఆగుతుంది. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. మీరు తలెత్తేలోపే ఆయన దాన్ని తీసుకుని పట్టకారుతో మూతి నొక్కేసి చెత్త డబ్బాలో వేస్తాడు. దాన్ని మళ్లీ నింపి ఉంటే చాంబర్‌లో రెండు ముక్కలై, మండే వాయువు వెనక్కి తన్నేది.

పక్కన గాజు సీసాలో ఇంకొన్ని డొల్లలున్నాయి, అడుగున 'కె ఎఫ్' ముద్రతో. పుణె దగ్గర కిర్కీ ఫ్యాక్టరీవి. అవి ఈ పనికి రావు. వాటి అడుగున బర్డాన్ పద్ధతిలో నిప్పు పోయే రెండు సన్నటి రంధ్రాలు పక్కలకు ఉంటాయి. మధ్యలోకి దిగి, నిప్పు పుట్టించే పాత ప్రైమర్‌ను తోసేసే సూదికి దారి లేదు. ఇక్కడ కావలసింది నడిమధ్య ఒకే రంధ్రం ఉన్న బాక్సర్ రకం. ఆ పాత తూటాల ప్రైమర్లలో క్లోరేట్ ఉండేది కూడా. కాల్చాక బ్యారెల్‌లో మిగిలే ఉప్పు తేమను లాక్కుని తుప్పు పట్టిస్తుంది, నూనె రాస్తే పోదు, నీళ్లతో కడగాలి. సైనికులు మరిగే నీళ్లు పోసింది అందుకే.

ఇప్పుడు ప్రెస్. డొల్లను నిలబెట్టి పిడి కిందికి లాగమంటాడు. సగం దూరం తేలిగ్గా వస్తుంది, తర్వాత చేతికి బరువు తగులుతుంది. టిక్కుమని పాత ప్రైమర్ కింద రాలుతుంది. పైనున్న అచ్చు, అంటే డై, మెడను మాత్రమే నొక్కి బిగిస్తోంది. భుజాన్నీ ఒంటినీ ముట్టుకోదు. ఆయన పట్టుదలంతా ఇక్కడే. మామూలు డై డొల్ల మొత్తాన్ని ఫ్యాక్టరీ కొలతకు కుదించేస్తుంది, మళ్లీ కాల్చినప్పుడు మళ్లీ సాగుతుంది, నాలుగైదు సార్లకే ప్రాణం పోతుంది. ఒకసారి కాల్చిన డొల్ల ఈ చాంబర్ ఆకారాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంది కదా, దాన్ని చెరపడం ఎందుకు అంటాడు. అంచు మీద కాక భుజం మీద ఆని కూర్చోనివ్వాలి. లక్షల మందికి పనికొచ్చేలా వదులుగా చేసిన రైఫిల్‌కు, దానికొక్కదానికే సరిపోయే తూటా చేయడమే ఈ విద్య. ఇందులో ఖర్చు కలిసిరావడం ఉంది, గురి కుదరడం ఉంది. నాకు మాత్రం ఈ సరిపోవడమే గొప్పగా అనిపిస్తుంది.

కొత్త ప్రైమర్ నొక్కాక బొటనవేలితో తడిమి చూస్తారు. అడుగుకు కాస్త లోతుగా ఉండాలి, పైకి తేలకూడదు.

మందు డబ్బా మీద 4895 అని ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఈ మందును కన్సాస్ వాసి బ్రూస్ హాడ్జ్‌డన్ కొని మామూలు జనానికి అమ్మాడు. ఆయన కంపెనీ పుట్టింది అలా. పాత బ్రిటిష్ తూటాల్లో కార్డైట్ ఉండేది, సేమియా పోగుల్లా. డొల్లకు మెడ నొక్కకముందే ఆ పోగుల కట్టను లోపల పెట్టేవారు. ఇప్పటిది సన్నటి నల్లటి గింజ. పెద్దాయన అచ్చేసిన పట్టిక తెరిచి, అందులోని అతి తక్కువ తూకం నుంచే మొదలుపెడతాడు. ఆ అంకె నేనిక్కడ రాయను. అది ప్రతి మందుకూ, ప్రతి గుండుకూ వేరు; పట్టిక చూసే తీసుకోవాలి, ఒకరి నోట విని కాదు. త్రాసు ముల్లు ఊగి నిలిచేదాకా మీరు ఊపిరి బిగబడతారు. అన్నీ నింపాక ట్రే మీద దీపం దించి వరసగా డొల్లల్లోకి చూస్తాడు. మందు మట్టం అన్నిటిలో ఒకేలా ఉంటేనే తర్వాతి పని.

ఆ పని గుండు బిగించడం. గుండు తూకం 174 గ్రెయిన్లు. మన పాతకాలపు కంసాలి తులం 180 గ్రెయిన్లు, అంటే ఆ తులానికి కాస్త తక్కువ. మెత్తటి సీసం ముద్దను బ్యారెల్ గుండా తోసి కొలిచాకే ఆయన 0.312 అంగుళాల గుండు ఎంచుకున్నాడు. అమెరికన్ ముప్పై క్యాలిబర్‌ది 0.308; ఆ నాలుగు వెయ్యోవంతుల తేడాకే లోపలి గాడులు దాన్ని సరిగా పట్టవు.

ఇదంతా అమెరికాలో సొంత వాడకానికి చట్టబద్ధం. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం; .303 పౌరులకు నిషిద్ధ బోరు, అందుకే లైసెన్సుదారుల కోసం .315 రైఫిళ్లు వచ్చాయి.

మర్నాడు పొద్దున రేంజ్‌లో చలి చెవులు కోస్తోంది. చెవులకు మఫ్లు, కళ్లకు అద్దాలు. బోల్టు వెనక్కి లాగడం తేలిక. ముందుకు తోసేటప్పుడే స్ప్రింగు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే లీ-ఎన్‌ఫీల్డ్ మూసేటప్పుడు ఎక్కుపెట్టుకుంటుంది. ట్రిగ్గర్ రెండు దశల్లో వస్తుంది. భుజం మీద ఒక్క తోపు, మందు ఘాటు. నూరు గజాల దూరంలో కాగితం మీద గుళ్లు నల్లచుక్కకు పైన పడుతున్నాయి, ఈ సైటు కనీస దూరం మూడొందల గజాలు కాబట్టి. పైనే అయినా ఒకదాని పక్కన ఒకటి, అరచేతిలో పట్టేంత చోట. పెద్దాయన చూపు కాగితం మీద లేదు. బయటపడిన వేడి డొల్లలను ఏరి, అడుగు పైన మెరిసే గీత కోసం తిప్పి తిప్పి చూస్తున్నాడు. లేదు.

పక్క బల్ల దగ్గర కుర్రాడి చేతిలో కూడా నంబర్ 4 ఉంది, కెనడాలోని లాంగ్ బ్రాంచ్‌లో చేసింది. ఫ్యాక్టరీ తూటాలు అయిపోయాయట.

"అంకుల్, ఓ పది ఇస్తారా? డబ్బులిస్తాను."

పెద్దాయన తూటా ఇవ్వలేదు. ఇప్పుడే కాల్చిన ఖాళీ డొల్ల ఒకటి తీసి, కుర్రాడి రైఫిల్‌లో పెట్టి బోల్టు మూయమన్నాడు. ముప్పావు వంతు దిగి ఆగిపోయింది. కుర్రాడు అరచేత్తో నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బలం పెట్టకు బాబూ. ఇవి నీ రైఫిల్‌వి కావు. ఇదిగో, నాదే తీసుకుని కాల్చు. నీ ఖాళీ డొల్లలు మాత్రం పారేయకుండా దాచు. శనివారం వస్తే నీకూ చేసుకోవడం చూపిస్తాను."