చేతులు మారిన భాగ్యం: ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలో పాత్రల స్థితిపరివర్తన

ప్రవేశిక

తెలుగు జానపద చలనచిత్రాలపై వచ్చిన విమర్శలో ఒక అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. ఈ చిత్రాలు ప్రేక్షకుణ్ణి వాస్తవ జీవితం నుంచి దూరం చేస్తాయనీ, జీవితంలోని కష్టాలకు మంత్రతంత్రాలను పరిష్కారంగా చూపి విధివాదాన్ని పెంచుతాయనీ ఆ అభిప్రాయ సారాంశం. సాంఘిక చిత్రం సమస్యను చర్చిస్తుందని, జానపద చిత్రం సమస్యను మరపిస్తుందని చేసే విభజన దీని నుంచే పుట్టింది. ఈ విభజన ఎంతవరకు సమంజసమో ఒక చిత్రం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు విజయా సంస్థ 1951 మార్చిలో విడుదల చేసిన ‘పాతాళభైరవి’ని స్వీకరిస్తున్నాను. కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ఈ చిత్రం ఒక తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించిన కథ. కోరినదల్లా ఇచ్చే ఒక ప్రతిమ ఈ ప్రేమకు సాధనమూ అవుతుంది, శత్రువూ అవుతుంది. ఈ కథలో పాత్రల భాగ్యం ఎప్పుడు మారుతున్నది, ఎవరి చేత మారుతున్నది, మారిన భాగ్యం ఎందుకు నిలవడం లేదు అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెదికితే, ఈ చిత్రం విధివాదానికి దూరంగా ఉన్నదని తెలుస్తుంది. అదే సమయంలో దాని పరిమితులు కూడా అక్కడే బయటపడతాయి.

కథకు ఉన్న పూర్వరూపాలు

‘పాతాళభైరవి’ ఇతివృత్తానికి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మూలమని ప్రసిద్ధి. కాశీయాత్ర చేస్తున్న మణిసిద్ధుడు తన వెంట వచ్చే గోపకుమారునికి ప్రతి మజిలీలో ఒక కథ చెప్పడం ఆ గ్రంథానికి చట్రం. రాజుల కథలను అక్కడ వినేవాడు పశువులు కాచుకొనే పిల్లవాడు. రాజభవనం వైపు సామాన్యుడు ఆశ్చర్యంతో చూసే ఆ చూపు చిత్రంలో తోట రాముని చూపుగా మారిందని చెప్పవచ్చు.

రెండవ పోలిక అల్లావుద్దీన్ కథతో. సిరియాకు చెందిన హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గలాన్‌కు చెప్పగా ఫ్రెంచి అనువాదం ద్వారా లోకానికి పరిచయమైన కథ అది. పేద యువకుడు, దూరదేశం నుంచి వచ్చిన మాంత్రికుడు, భూగర్భంలోని అద్భుత వస్తువు, రాత్రికి రాత్రి వెలసిన భవనం, ఆ భవనం రాకుమారితో సహా మాయం కావడం అన్నీ రెండు కథలలోనూ కనిపిస్తాయి.

అయితే ప్రతిమను సంపాదించే ఘట్టం అల్లావుద్దీన్ కథలోనిది కాదు. అక్కడ మాంత్రికుడు దీపం కోసం బాలుణ్ణి గుహలోకి పంపుతాడు. ఇక్కడ నేపాళ మాంత్రికుడు సాహసవంతుడైన యువకుణ్ణి దేవికి బలి ఇవ్వడానికే తీసుకొని వెళతాడు. బలి కావలసినవాడు విషయం తెలుసుకొని, బలి ఇవ్వదలచినవాణ్ణే బలి ఇవ్వడం మనకు బేతాళ కథల చివర విక్రమార్కుని వృత్తాంతంలో పరిచితమైన విషయం. విక్రమార్క కథలు తెలుగులో జక్కన ‘విక్రమార్క చరిత్ర’, కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ల కాలం నుంచి ప్రచారంలో ఉన్నాయి. చిత్రకథ ఉజ్జయినిలో జరగడం కూడా ఈ సంబంధాన్ని బలపరుస్తున్నది. కాని విక్రమార్కుడు చక్రవర్తి. ఆ స్థానంలో పింగళి ఒక తోటమాలి కొడుకును నిలిపాడు. రాజుకు చెందిన సాహసం సామాన్యునికి బదిలీ అయింది.

దైవాధీనం నుంచి తోట రామునికి

ఈ మార్పు విలువను గుర్తించాలంటే ఇదే దర్శకుడు, ఇదే రచయిత కలిసి రూపొందించిన ‘గుణసుందరి కథ’ (1949)తో పోల్చాలి. అందులో తండ్రి ఆగ్రహానికి గురైన రాకుమారికి కురూపియైన భర్త లభిస్తాడు. అతని పేరే దైవాధీనం. శాపగ్రస్తుడైన అతనికి శాపం తీరిన తరువాత అసలు రూపం వస్తుంది. అంటే అక్కడ భాగ్యం మారడమంటే మరుగుపడిన అర్హత బయటపడడమే.

రెండేళ్ల తరువాత వచ్చిన ‘పాతాళభైరవి’లో ఇటువంటి రహస్యం ఏదీ లేదు. జానపద కథలలో తోటలోనో, అడవిలోనో పెరిగినవాడు చివరికి రాజకుమారుడని తేలడం సర్వసాధారణం. తోట రాముడు మొదట తోటమాలి కొడుకే, చివర కూడా తోటమాలి కొడుకే. అతని జన్మ వెనుక దాచిన వంశచరిత్ర లేదు. అందువల్ల అతని భాగ్యంలో వచ్చే ప్రతి మార్పుకూ కథలోనే, ప్రేక్షకుని కళ్ల ముందే కారణం చూపవలసిన బాధ్యత రచయితపై పడింది.

నాలుగు మలుపులు

చిత్రంలో రాముని స్థితి ప్రధానంగా నాలుగుసార్లు మారుతుంది.

మొదటి మలుపు రాజు షరతు. రాకుమారి ఇందుమతిని ప్రేమించి అంతఃపురంలో ప్రవేశించిన రాముడు పట్టుబడతాడు. రాజు తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించి వస్తే కుమార్తెను ఇస్తానంటాడు. అసాధ్యమని తలచి పెట్టిన షరతే అయినా, దానిలోని భావం గమనించదగినది. రాజు వంశాన్ని అడగలేదు, సంపదను అడిగాడు. దాటరాని హద్దును కొలవగలిగిన దూరంగా మార్చాడు. రాముడు ఆ మాటను అక్షరాలా నమ్మడమే కథకు కదలిక.

రెండవ మలుపు ప్రతిమ లభించడం. కోనేటిలో రాముడు చంపిన మొసలి శాపవిముక్తి పొంది, మాంత్రికుని దురుద్దేశాన్ని అతనికి తెలియజేస్తుంది. ఈ ఘట్టంలో శాపమనే దైవిక అంశం ఉన్నది. అయినా రామునికి దక్కింది సమాచారం మాత్రమే. దానిని ఉపయోగించుకొని మాంత్రికుణ్ణి ఎదిరించడం అతని పని. ప్రతిమ చేతికి రాగానే భవనమూ ఐశ్వర్యమూ సమకూరుతాయి, రాజు వివాహానికి అంగీకరిస్తాడు. సాధారణ జానపద కథ ఇక్కడ ముగియవచ్చు.

మూడవ మలుపు పతనం. శిష్యుడు సదాజపుని వల్ల మాంత్రికుడు తిరిగి ప్రాణం పోసుకుంటాడు. ఇందుమతిని కోరుకున్న రాణి తమ్ముని చేత ప్రతిమను దొంగిలింపజేస్తాడు. ప్రతిమ చేతులు మారగానే భవనమూ రాకుమారీ మాయమవుతాయి. రాముడు మళ్లీ పేదవాడవుతాడు. అల్లావుద్దీన్ కథలో దీపం విలువ తెలియని రాకుమారి అమాయకంగా దానిని మార్పిడి చేస్తుంది. ఇక్కడ ప్రతిమ పోయింది రాజబంధువు అసూయ వల్ల. సామాన్యుడు సంపాదించిన భాగ్యానికి రాజకుటుంబం లోపలి నుంచే ముప్పు వచ్చింది. ఈ మార్పుతో నష్టం పొరపాటు స్థాయి నుంచి సామాజిక వైరం స్థాయికి చేరింది.

నాలుగవ మలుపు పునఃప్రాప్తి. రాముడు మిత్రుడు అంజితో కలిసి మాంత్రికుని స్థావరానికి బయలుదేరుతాడు. ఈ ప్రయాణంలో అద్భుతాలు పూర్తిగా లేకపోలేదు. కాని కోరినది ఇచ్చే ప్రతిమ మాత్రం శత్రువు చేతిలో ఉన్నది. చివరి విజయం అంజి వేషం వల్ల, యుక్తి వల్ల వస్తుంది. సదాజపునిగా నటించిన అంజి, రాకుమారి మెప్పు కోసమని నచ్చజెప్పి మాంత్రికుని గడ్డం తీయిస్తాడు. మాంత్రికుని శక్తి ఆ గడ్డంలోనే ఉన్నది. ప్రేక్షకులు నవ్వుకొనే ఈ ఘట్టమే కథలో నిర్ణాయకమైనది. అందమైన రూపంపై కలిగిన మోజు మాంత్రికుని బలాన్ని హరించింది.

ప్రతిమ స్వభావం

పై నాలుగు మలుపులను కలిపి చూస్తే ప్రతిమ స్వభావం స్పష్టమవుతుంది. అది మంచివానిని, చెడ్డవానిని వేరుచేయదు. ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. రామునికి ఎంత విధేయమో మాంత్రికునికీ అంతే విధేయం. భక్తి కథలలో దేవత పాత్రుణ్ణి ఎన్నుకొని అనుగ్రహిస్తుంది. ఇక్కడ దేవత శక్తి ఒక వస్తువులో నిక్షిప్తమై, దొంగిలించదగినదిగా మారింది.

‘అదృష్టం’ అనే మాటకు కంటికి కనిపించనిది అని అర్థం. పూర్వకర్మ వల్ల ఏర్పడి, కనబడకుండా ఫలమిచ్చేదానికి శాస్త్రాలలో ఆ పేరు. ‘పాతాళభైరవి’లో ఆ అదృష్టం కంటికి కనిపించే, చేతితో పట్టుకోదగిన ప్రతిమగా వచ్చింది. కనిపించే వస్తువు కాబట్టి దాని రాకపోకలకు కారణం చెప్పవచ్చు. ఒకరి సాహసం వల్ల వచ్చింది, ఇంకొకరి దొంగతనం వల్ల పోయింది, మరొకరి తెలివి వల్ల తిరిగి వచ్చింది. కీలకమైన మలుపులన్నీ మనుషుల చేతలే. ఈ దృష్టితో చూస్తే మంత్రప్రధానమైన ఈ చిత్రం భాగ్యాన్ని గురించి చెప్పే మాట విధివాదానికి అనుకూలం కాదు.

ప్రతిమకు ఒక పరిమితి కూడా ఉన్నది. అది భవనాన్ని కదిలించగలదు, ఇందుమతి మనసును కదిలించలేదు. సర్వసంపదలూ చేతిలో ఉన్న మాంత్రికుడు ఆమె అంగీకారం కోసం ఆశపెట్టవలసి వచ్చింది, బెదిరించవలసి వచ్చింది. ఆమె లొంగలేదు. ఆమె రాముణ్ణి వరించింది అతడు పేదవాడుగా ఉన్నప్పుడే. సంపద వచ్చినప్పుడు, పోయినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు కూడా మారనిది ఆమె ప్రేమ ఒక్కటే. ఈ చిత్రంలో ప్రేమకథకూ అద్భుతకథకూ ఉన్న సంబంధం ఇదే. అద్భుతం మార్చలేనిదేదో ప్రేమ ద్వారా తెలుస్తుంది.

కాలంతో సంబంధం

1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్ల రద్దు జరిగింది. వయోజన ఓటు హక్కుతో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951–52లో జరిగాయి. ఈ చట్టాలను దృష్టిలో పెట్టుకొని చిత్రం తీశారనడం అతిశయోక్తి అవుతుంది. అయితే వంశపారంపర్యంగా వచ్చిన స్థాయి శాశ్వతం కాదని తెలుగు ప్రేక్షకులు నిత్యజీవితంలో చూస్తున్న కాలంలోనే, రాజు వంశం మాట ఎత్తకుండా సంపదను అడిగే సన్నివేశం వారి ముందుకు వచ్చింది. ఆ సన్నివేశం వారికి కేవలం పాత కథగా అనిపించి ఉండదని ఊహించవచ్చు.

పరిమితులు

ఈ చిత్రాన్ని విధివాద ఆరోపణ నుంచి విడిపించినంత మాత్రాన అది సమతావాద చిత్రం అయిపోదు. రెండు విషయాలను దాచకుండా చెప్పుకోవాలి.

మొదటిది, రాజు షరతును ఎవరూ ప్రశ్నించరు. ఐశ్వర్యం లేనివాడు అనర్హుడనే సూత్రాన్ని రాముడు కూడా అంగీకరించి, దానిని నెరవేర్చడానికే బయలుదేరుతాడు. అతని స్థాయి మారినా, అతనిని ఒకప్పుడు కింద నిలిపిన కొలమానం మారదు. భాగ్యపరివర్తన ఒక వ్యక్తికే పరిమితమైంది.

రెండవది ఇందుమతి పాత్ర. అల్లావుద్దీన్ కథలో అపహరణకు గురైన రాకుమారి స్వయంగా మాంత్రికునికి విషం కలిపిన పానీయం ఇచ్చి అతని పతనంలో భాగస్వామి అవుతుంది. ‘పాతాళభైరవి’లో ఆ క్రియ అంజికి దక్కింది. ఇందుమతికి నిరాకరించే శక్తి ఉన్నది కాని కథను మలుపు తిప్పే అవకాశం లేదు. భవనంతో పాటు ఆమె కూడా ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించబడుతుంది. పురుష పాత్రల భాగ్యం వారి చేతలతో మారుతుండగా, ఆమె భాగ్యం ప్రతిమ ఎవరి చేతిలో ఉన్నదన్న దానిపై ఆధారపడింది. మనసు విషయంలో ప్రతిమకు లొంగని ఏకైక పాత్ర, జీవితం విషయంలో ప్రతిమకు పూర్తిగా లోబడవలసి రావడం ఈ కథలోని ప్రధాన వైరుధ్యం.

ముగింపు

‘పాతాళభైరవి’లో భాగ్యం రెండుసార్లు లభిస్తుంది. మొదటిసారి ప్రతిమ వల్ల వచ్చిన భాగ్యం ఒక్క దొంగతనంతో పోయింది. రెండవసారి ప్రతిమ లేకుండా, మిత్రుని సహాయంతో, యుక్తితో గెలుచుకున్న భాగ్యం నిలిచింది. మొదటి ప్రాప్తి దగ్గరే కథ ఆగి ఉంటే ఇది మంత్రశక్తిని పొగిడే చిత్రమయ్యేది. పోగొట్టుకొని తిరిగి సాధించుకోవడం వల్లనే రాముని అర్హత ప్రతిమ నుంచి విడివడి అతని సొంతమైంది. సాంఘికం ఆలోచింపజేస్తుంది, జానపదం మరపిస్తుంది అనే విభజన ఈ చిత్రం ముందు నిలవదు. జానపద చిత్రాలలోని అద్భుత వస్తువులను అలంకారాలుగా కాక, భాగ్యాన్ని గురించి ఆయా కాలాలు చేసిన ఆలోచనలుగా పరిశీలిస్తే, తెలుగు కథాసాహిత్య చరిత్రలో ఈ చిత్రాలకు ఉండవలసిన స్థానం మరింత స్పష్టమవుతుంది. ఆ పరిశీలనలో ఇందుమతి వంటి పాత్రలకు కథ ఇవ్వని అవకాశాలను కూడా లెక్కలోకి తీసుకోవడం అవసరం.