కేబ్రదీయాస్ పిరాతాస్

కేబ్రదీయాస్ పిరాతాస్ కరీబియన్ దీవి ప్యూర్టో రికోకు చెందిన వృత్తి బాస్కెట్‌బాల్ జట్టు. దీవి వాయవ్య తీరంలోని కేబ్రదీయాస్ పట్టణం దీని సొంతూరు. పిరాతాస్ అంటే స్పానిష్‌లో సముద్రపు దొంగలు. బీఎస్‌ఎన్‌గా పిలిచే బలోన్సెస్తో సుపెరియోర్ నాసియొనాల్ లీగ్‌లో ఈ జట్టు ఆడుతుంది. 1970, 1977, 1978, 1979, 2013, 2017 సంవత్సరాల్లో మొత్తం ఆరుసార్లు ఛాంపియన్‌గా నిలిచింది. 2020 జనగణన నాటికి కేబ్రదీయాస్ జనాభా 24 వేలలోపే. లీగ్‌లో దాని చిరకాల ప్రత్యర్థి బయమోన్ జనాభా లక్షా ఎనభై వేలకు పైమాటే. ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చూస్తే ఆరు టైటిళ్లు చాలా పెద్ద సంఖ్య.

ఊరు, పేరు

తూర్పున కమూయ్, పడమట ఇసబేలా పట్టణాలుండగా, వాటి నడుమ అట్లాంటిక్ మహాసముద్రానికి ఎదురుగా నిటారైన కొండ అంచుల మీద కేబ్రదీయాస్ ఉంది. 1823లో ఏర్పడిన ఈ ఊరికి పడమటి హద్దులో గ్వాహతాకా నది సముద్రంలో కలుస్తుంది. ఒకప్పటి రైలుమార్గం కోసం కొండను తొలిచి వేసిన సొరంగం ఇప్పటికీ ఆ తీరంలో ఉంది. ఇక్కడి గుహల్లోనూ రేవుల్లోనూ సముద్రపు దొంగలు తలదాచుకునేవారని తరతరాలుగా కథలు చెప్పుకుంటారు. ప్యూర్టో రికో ప్రజల నోళ్లలో నానే రొబెర్తో కోఫ్రెసీ అనే దొంగను 1825లో సాన్ హువాన్‌లో కాల్చి చంపారు. అంటే ఈ ఊరు పుట్టిన కాలం, ఆ దొంగల చివరి రోజులు ఒకటే. ఊరి మారుపేరు ‘దొంగల స్థావరం’. జట్టు పేరు కూడా ఆ కథల నుంచే వచ్చింది.

లీగ్ నేపథ్యం

ప్యూర్టో రికోకు బాస్కెట్‌బాల్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వచ్చింది. 1917 నుంచి దీవి ప్రజలు అమెరికా పౌరులు. అయినా ఒలింపిక్స్‌లో మాత్రం 1948 నుంచి సొంత జట్టుతో ఆడుతున్నారు. ఇక్కడ బాస్కెట్‌బాల్ మీద ఇంత మక్కువ ఎందుకో తెలియాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆటగాళ్లు బీఎస్‌ఎన్‌లో తయారై, ఆ తర్వాత దీవి జట్టు తరఫున సాక్షాత్తూ అమెరికా మీదే తలపడతారు.

1929లో పునాది పడిన ఈ లీగ్‌లో మొదటినుంచీ చిన్న ఊళ్లకు పెద్ద పాత్రే ఉంది. నైరుతి మూలన ఉన్న సాన్ హెర్మాన్ పట్టణపు జట్టు 1947 నుంచి 1950 వరకు వరసగా నాలుగుసార్లు గెలిచింది. ఊరి నడిబొడ్డున ఒక కోర్టు, సాయంత్రం పూట గుమిగూడే జనం, పక్క ఊరితో పోటీ ఉంటే ఒక జట్టు నిలబడటానికి ఆ రోజుల్లో సరిపోయేది.

న్యూయార్క్ నుంచి వచ్చిన కుర్రాళ్లు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బతుకుతెరువు కోసం లక్షల మంది ప్యూర్టో రికో వాసులు న్యూయార్క్‌కు వలస వెళ్లారు. వాళ్ల పిల్లలు అక్కడి వీధి కోర్టుల్లో బాస్కెట్‌బాల్ నేర్చుకున్నారు. ఇరుకైన చోట ఒడుపుగా బంతి కొట్టుకుంటూ, తోసుకుంటూ సాగే ఆట అది. 1960లలో బీఎస్‌ఎన్ జట్లు ఈ కుర్రాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాయి. ప్యూర్టో రికో తల్లిదండ్రుల బిడ్డలు కాబట్టి వాళ్లు పరాయివాళ్లు కారు, సొంత ఆటగాళ్లే.

పిరాతాస్ చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. 1966లో రేమండ్ దల్మావ్ జట్టులో చేరాడు. 1948లో పుట్టిన దల్మావ్ పెరిగింది న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో. బుట్ట కింద రీబౌండ్ల కోసం పోరాడేవాడు, దూరం నుంచీ గురి చూసి వేసేవాడు. 1985 దాకా ఆడిన ఆట అంతా ఈ ఒక్క ఊరి తరఫునే ఆడాడు. తర్వాత జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన శిక్షణలోనే 1990లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ప్యూర్టో రికో నాలుగో స్థానం సాధించింది. ఆయన ముగ్గురు కొడుకులు రిచీ, క్రిస్టియన్, రికార్దో కూడా బీఎస్‌ఎన్‌లో ఆడారు. వేరే ఊళ్లో పుట్టి, పరాయి నగరంలో పెరిగి వచ్చిన మనిషిని కేబ్రదీయాస్ తన బిడ్డగా చేసుకుంది. జట్టు ఇప్పుడు ఆడే ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టింది.

79 పాయింట్ల రాత్రి

దల్మావ్‌తో పాటు ఆడిన నెఫ్తాలీ రివేరా 1974 మే 22న మయగ్వెస్ జట్టు మీద ఒక్కడే 79 పాయింట్లు చేశాడు. ఒకే ఆటలో ఒక ఆటగాడు చేసిన పాయింట్లలో బీఎస్‌ఎన్ రికార్డు ఇదే. అప్పటికి ఈ లీగ్‌లో మూడు పాయింట్ల గీత లేదు. ఎంత దూరం నుంచి వేసినా బుట్టలో పడితే రెండే పాయింట్లు, ఫ్రీ త్రోకు ఒకటి. నలభై నిమిషాల ఆటలో 79 అంటే సగటున ప్రతి అర నిమిషానికి ఒక పాయింటు. ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు మీద పడుతున్నా ఈ వేగం ఆట పొడవునా తగ్గకూడదు. ఆ తర్వాత మూడు పాయింట్ల గీత వచ్చింది, విదేశీ ఆటగాళ్లు వచ్చారు. అయినా ఆ అంకె చెక్కుచెదరలేదు.

డెబ్బైల వైభవం

1970లో పిరాతాస్ తొలిసారి ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది నుంచి బయమోన్ జట్టు వరసగా ఐదు టైటిళ్లు ఎగరేసుకుపోయింది. కేబ్రదీయాస్ అభిమానులకు అది కష్టకాలమే. కానీ జట్టు చెదిరిపోలేదు. 1977, 1978, 1979లలో వరసగా మూడుసార్లు గెలిచి లెక్క సరిచేసింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ప్యూర్టో రికో అమెరికా చేతిలో 94-95తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ జట్టులో దల్మావ్, రివేరా ఇద్దరూ ఉన్నారు. చిన్న పట్టణపు జట్టు నుంచి ఇద్దరు ఆ కోర్టు దాకా వెళ్లడాన్ని నేను టైటిళ్లకంటే గొప్ప విషయంగా లెక్కిస్తాను.

ముప్ఫై నాలుగేళ్ల ఎదురుచూపు

1979 తర్వాత టైటిల్ కోసం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా ఆటలో డబ్బు పెరిగింది, విదేశీ ఆటగాళ్ల కోసం పోటీ పెరిగింది. టిక్కెట్ల మీద, స్థానిక వ్యాపారుల ప్రకటనల మీద ఆధారపడే చిన్న ఊళ్లకు పెద్ద నగరాలతో పోటీ పడటం భారమైంది. 2013లో పోన్సే జట్టును ఓడించి పిరాతాస్ మళ్లీ ఛాంపియన్ అయింది. దల్మావ్ ఆట చూస్తూ పెరిగిన పిల్లలు అప్పటికి నడివయసువాళ్లు.

2017లో ఆరో టైటిల్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 20న మరియా తుపాను దీవిని చిన్నాభిన్నం చేసింది. రెండు రోజులకే గ్వాహతాకా ఆనకట్ట దెబ్బతిని, కేబ్రదీయాస్, ఇసబేలా ప్రాంతాల్లోని సుమారు 70 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయమన్నారు. సంబరం చేసుకున్న ఊరికి అదే ఏడాది తాగునీరు, కరెంటు కరువయ్యాయి.

ఇప్పటి పరిస్థితి

ఇటీవల లీగ్‌లోకి కొత్త పెట్టుబడి వచ్చింది. 2021లో గాయకుడు బ్యాడ్ బన్నీ సాన్ హువాన్ జట్టు యజమానుల్లో ఒకడయ్యాడు. దీంతో దీవి బయట కూడా బీఎస్‌ఎన్ పేరు వినిపిస్తోంది. మరోపక్క ఊళ్లు జట్లను పోగొట్టుకోవడం కూడా ఆగలేదు. దక్షిణ తీరపు గ్వయామా జట్టు మనాతీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పిరాతాస్ మాత్రం కేబ్రదీయాస్‌లోనే, రేమండ్ దల్మావ్ స్టేడియంలోనే ఆడుతోంది. 2017లో గెలిచిందే ఇప్పటికి దాని చివరి టైటిల్.